పెట్టెలో అత్త

పోయిన వారం నేత్రావతిని వంటింట్లో ఒంటరిగా వదిలేసి వచ్చాం. ఆమె చేతిలోంచి జారిన కాఫీ గ్లాసు ఇంకా నేల మీద దొర్లుతూనే ఉంది. అత్త సుంకులమ్మ వెంకటమ్మనహళ్లిలో ఉన్న కూతురింటికి వెళ్లింది. నేత్రావతే దగ్గరుండి బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి మరీ ఇంటికొచ్చింది. పెళ్లయ్యాక మొదటిసారి ఇల్లంతా తనదైందని కాళ్లు బారజాపుకొని కూర్చుంది. మొదటి గుక్క గొంతు దిగకముందే, చక్కెర డబ్బా పక్కనుంచి సాక్షాత్తూ ఆ అత్త గొంతే పలికింది.

"నేత్రా, ట్యాంకు నిండినాది. మోటారు ఆపేదుండాదా ల్యాదా?"

నేత్రావతి ముందు లేచి వెళ్లి మోటారు ఆపింది. అది అలవాటు. తర్వాత గ్లాసు తీసింది. ఆ తర్వాతే గుమ్మం దగ్గర పళ్లికిలించి నిలబడిన మొగుడి వైపు తిరిగింది.

"అత్త యాడుండాది?"

"వెంకటమ్మనహళ్లిలో" అన్నాడు ప్రశాంత్‌కుమార్.

"మరి ఇదేంది?"

"ఇది గూడా అమ్మే. గొంతు మటుకు."

బలసముద్రంలో ప్రశాంత్‌కుమార్ అంటే తెలియనివాళ్లు లేరు. సోలార్ పార్కులో ఒక కంపెనీ కంట్రోల్ రూంలో ఉద్యోగం. ఒకప్పుడు వాళ్ల నాన్న శెనక్కాయ వేసిన చేలల్లోనే ఇప్పుడు ప్యానెళ్లు బారులు తీరి ఉన్నాయి. ఏ బారులో ఏ యంత్రం వేడెక్కిందో, ఏది అలిగి కూర్చుందో స్క్రీను మీద చూసి చెప్పడం అతని పని. కానీ అది కడుపు కోసం. మనసు మాత్రం ఇంట్లో, వెనక గదిలో, విప్పదీసిన కంప్యూటర్ల మధ్య ఉంటుంది.

అతనికి కొన్ని సిద్ధాంతాలున్నాయి. స్క్రూ లేని వస్తువును గడప తొక్కనివ్వకూడదు, ఇది మొదటిది. జిగురుతో అతికించి అమ్మే ఫోను మూత తీయనివ్వని బిర్యానీ గిన్నె లాంటిదట. అందులో ఏముందో పెట్టినవాడికే తెలియాలట. పాత కీబోర్డు టపటపమంటేనే అది కీబోర్డు, చప్పుడు చేయనిది పిల్లి. బావమరిది ముచ్చటపడి కొనిచ్చిన టీవీ, పెట్టిన రోజే ఇంటర్నెట్టు అడిగింది. మనం దాన్ని చూస్తుంటే అది మనల్ని చూస్తుందని ప్రశాంత్ అదే సాయంత్రం దాని వెనక మూత విప్పి, వైఫై ముక్క ఊడబీకి, చింతపండు డబ్బాలో వేశాడు. ఆ చింతపండుతో చారు పెట్టబోయి సుంకులమ్మ ఎంత గొడవ చేసిందో ఇంతకు ముందే చదివారు.

అన్నిటికన్నా పెద్ద సిద్ధాంతం ఒకటుంది. ఇంట్లో పలికిన మాట ఇల్లు దాటకూడదు. బజార్లో దొరికే మాట్లాడే డబ్బాలు మన మాటల్ని ఎక్కడికో మోసుకుపోతాయని, అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ల కంప్యూటర్లు వింటాయని తల్లికి విడమరిచి చెప్పాడు.

"మన గొర్రెల్ని పక్కూరోని దొడ్లో తోలి, మనం ఉన్ని కత్తిరించుకోవాలంటే వాన్ని బతిమాలుకున్నట్ల మ్మా. దాన్ని క్లౌడ్ అంటారు. క్లౌడంటే మబ్బు."

"మన పావగడ తాలూకాకు వాన మబ్బే రాదు. నీ మబ్బు యాడ నించి వస్తాది రా?" అంది సుంకులమ్మ.

అందుకని తనే ఒకటి తయారు చేశాడు. ఆఫీసులో మూలన పడేసిన పాత కంప్యూటరు, ఒక మైకు, ఒక చిన్న స్పీకరు. నీళ్ల ట్యాంకుకూ, గ్యాసు పొయ్యికీ, గేటుకూ, వెనక గొర్రెల దొడ్డికీ తీగలు లాగాడు. బయటి ఇంటర్నెట్టుతో దానికి చుక్క సంబంధం కూడా లేదు. అంతా కుదిరింది గానీ గొంతు దగ్గర వచ్చింది చిక్కు. దొరికిన తెలుగు గొంతు "నీటి తొట్టి నిండినది, దయచేసి గమనించగలరు" అని పలికేది. సుంకులమ్మ అది విని, "యాడి మేడమప్పా ఈయమ్మ? నిలబెట్టే మాట్లాడిస్తాండారే, కుర్చీ ఎయ్యండి పాపం" అంది. మన యాసలో, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి గొంతు కావాలి. అలాంటి మనిషి కోసం అతను ఊళ్లు తిరగాల్సిన అవసరం రాలేదు. పుట్టబోయే మనవళ్లకు నీ కతలు దాచిపెడతానని చెప్పి, తల్లి సాయంత్రాలు శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే ముందు మైకు పెట్టాడు.

ఇదంతా అతను ఎంతో ఉత్సాహంగా వివరిస్తుండగా నేత్రావతి నేరుగా వెళ్లి పెట్టె వైరు పీకేసింది.

"వైరెవురు పీకినారు?" అంది పెట్టె.

"దానికి బ్యాటరీ ఉండాది" అన్నాడు ప్రశాంత్ గర్వంగా. "సోలార్ పార్కు పక్కనుండి, కరెంటు పోతే మూగబోయే పెట్టె చేస్తే నన్ను నలుగురూ ఏమనుకుంటారు?"

నేత్రావతి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"లోకంలో అత్తలు ఊరికి పోతే నోరు గూడా ఎంట తీసుకుపోతారు. నోరు ఇంట్లో పెట్టిపోయిన అత్త నాకే దొరికినాది. ఇదన్నా ఉండాల, నేనన్నా ఉండాల. వల్లూరు ఎంత దూరం? ఇప్పుడు ఆటో ఎక్కితే అన్నం పొద్దుకు మా అమ్మింట్లో ఉంటా."

ప్రశాంత్‌కు భార్య సంగతి తెలుసు. నేత్రావతి ఊరికే బెదిరించే మనిషి కాదు. ఒకసారి అలిగి వెళ్లి, అతను ఇంట్లోని పాత ఫోన్లన్నీ ఒక మూలకు సర్దాడని అత్త సాక్ష్యం చెప్పాకే తిరిగొచ్చింది. "కొన్ని దినాలు వాడి చూడు నేత్రా. నచ్చకపోతే తీసేస్తా, ఒట్టు" అని చేతులు పట్టుకున్నాడు. అతని కళ్లలో, సైకిలు మొదటిసారి తొక్కిన పిల్లాడి కళ్లలోని వెలుగు లాంటిది చూసి ఆమె మెత్తబడింది. ఆ మెత్తబడడమే తప్పయింది.

మొదట్లో ఆమె పెట్టె ఏం చెప్పినా "సరే అత్తా" అనేది. అనకపోతే పెట్టె ఊరుకునేది కాదు. "సరే" అన్న మాట చెవిన పడేదాకా మాట మీద మాట అల్లుతూనే ఉండేటట్టు ప్రశాంత్ దానికి నేర్పాడు. అమ్మ అచ్చం అట్లే చేస్తుంది కదా, పనితనం అంటే అదీ అని మురిసిపోయాడు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఆడవాళ్ల చెప్పుల కుప్ప కనిపించింది. లోపల్నుంచి భార్య గొంతు గట్టిగా వినిపిస్తోంది. అంత గట్టిగా ఆ గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ మోగలేదు.

"పొయ్యి కట్టేసినావా అని ఎన్నిసార్లు అడుగుతావు? కట్టేయల్యా! ఏం చేస్తావు?"

"ఏం చేస్తానా? మా కాలంలో పుల్లలు ఊది ఊది కండ్లు పోగొట్టుకున్యాం" అంది పెట్టె.

"పోగొట్టుకుంటే మరి నా చీర మీద మరక అంత దూరం నించి ఎట్ల కనపడతాది నీకు?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. పక్కింటి ఓబక్క ముందు వరసలో మఠం వేసుకుని కూర్చుంది. ప్రశాంత్‌కు ఒళ్లు పులకరించింది. తన యంత్రాన్ని చూడడానికి ఊరు కదిలి వచ్చింది! చెమట తుడుచుకోకుండానే ముందుకెళ్లి, ప్రాసెసరు అంటే ఏమిటో, మెమరీ ఎంత వేశాడో, ఇంత పాత యంత్రం ఇంత పని చేయడం ఎంత గొప్పో చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు రవ్వంత పక్కకు జరుగప్పా. నా వంతు వచ్చినాది" అంది ఓబక్క.

"నీకేం వంతు ఓబక్కా? మీ అత్త పోయి శానా ఏండ్లాయ గదా?"

"పోయినాది. నేను అడగాల్సింది మాత్రం అట్లే మిగిలిపోయినాది." ఓబక్క పెట్టె వైపు తిరిగి కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుని, "అత్తా, నా పెండ్లప్పుడు మా నాయన ఇచ్చిన ఆవును నీ బిడ్డకెందుకు తోలిచ్చినావు?" అని అడిగింది.

పెట్టె ఒక్క క్షణం ఆలోచించింది. "ఇంట్లో పెద్దోళ్లు ఏం చేసినా మంచికే చేస్తారు" అంది.

"చూసినారా! అచ్చం మా అత్త గూడా ఇదే అనేది" అని ఓబక్క కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఆ ఆవు గురించి అడగాల్సినవన్నీ అడిగింది. లేచేటప్పుడు ఆమె మొహం తేటగా ఉంది.

అప్పట్నుంచి ప్రతి మధ్యాహ్నం అదే తంతు. ప్రశాంత్ దీన్ని సాంకేతిక విజయం కింద రాసుకున్నాడు. నేత్రావతి వల్లూరు మాట ఎత్తడం మానేసింది. పైగా పని చేసుకుంటూ పాటలు పాడుతోంది. ఇంట్లో కంప్యూటరు ఉండడం వల్ల మనిషి ఆరోగ్యం బాగుపడుతుందని కంట్రోల్ రూంలో నలుగురికీ చెప్పుకున్నాడు.

సుంకులమ్మ ఉలవల సంచి భుజాన వేసుకుని, ముందు మాట చెప్పకుండా దిగబడింది సరిగ్గా అలాంటి ఒక మధ్యాహ్నమే.

గుమ్మంలో ఆమెను మొదట చూసింది ప్రశాంత్. లోపల నేత్రావతి, గుమ్మానికి వీపు పెట్టి, చేతిలో రాగిముద్ద కెలికే కట్టె పట్టుకుని పెట్టెతో పోట్లాడుతోంది.

"ముద్ద నేను ఇట్లే చేస్తా. నీకు గట్టిగా ఉంటే నీళ్లు పోసుకో!"

"నీళ్లు పోసుకుంటే అది ముద్దయితాదా? గంజి అయితాది."

"అయితే గంజే తాగు!"

సుంకులమ్మ సంచి కింద పెట్టింది. ఉలవలు గలగలమన్నాయి. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. గద్ద నీడ పడ్డ కోడిపిల్లల్లా ఎవరికి దొరికిన దారిన వాళ్లు మాయమయ్యారు. ఓబక్క మాత్రం, "వదినా, ఎప్పుడొచ్చినావు? చిక్కిపోయినావే" అని పలకరించి, వెనక వాకిట్లోంచి గోడ దూకి తన ఇంట్లో పడింది. ఆ వయసులో ఆమె గోడ దూకగలదని అంతవరకు ఎవరికీ తెలియదు.

నేత్రావతి కట్టె పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

"గేటు చప్పుడైనాది" అంది పెట్టె. "ఎవురొచ్చినారు నేత్రా? కాళ్లు కడుక్కొని లోపలికి రమ్మను."

సుంకులమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. "కడుక్కుంటాలే" అని రెండడుగులు వెనక్కి వేసి, చెంబు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. తనెవరి మాట వింటోందో అప్పుడు తట్టింది. మెల్లగా తిరిగొచ్చి పెట్టె ఎదురుగా నిలబడింది.

"ఏందిరా ఇది?"

ప్రశాంత్ చెప్పాడు. వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాడు. ఏదైనా యంత్రం గురించి అతను అంత క్లుప్తంగా చెప్పడం అదే మొదలు.

"నేను ఇట్లనే మాట్లాడతానా నేత్రా?" అని అడిగింది సుంకులమ్మ. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నేత్రావతి అవునంటే ఒక గొడవ, కాదంటే అబద్ధం. నేల చూపులు చూసింది. పెట్టెకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు.

"నిలబడి ఏం చూస్తాండావు నేత్రా? పొయ్యి మీద పాలుండాయి."

"ఆ పిల్లకు తెలీదా?" అంది సుంకులమ్మ, పెట్టెతో. "పొయ్యి ముందరే నిలబడి ఉండాది. కండ్లు ల్యావా దానికి?"

"చెప్పేవాళ్లుంటేనే ఇల్లు నిలబడేది" అంది పెట్టె.

"ఎవురే నువ్వు చెప్పేదానికి?"

"నేను కాకుంటే ఎవురు చెప్తారు?"

"ఓయబ్బా! ఇంట్లో ఒక పూట పని చేసిన మొహమా నీది? డబ్బాల మధ్య కూసోని అధికారం చేస్తాండావు!"

"మా కాలంలో అత్త ముందర నోరు ఎత్తేవాళ్లం కాదు."

"నా ముందరే మీ కాలమా!"

ఇద్దరు సుంకులమ్మలు తలపడితే ఎలా ఉంటుందో ప్రశాంత్ ఎప్పుడూ ఊహించలేదు. ఒకరు అలుపెరగని మనిషి, ఇంకొకటి అలుపు తెలియని యంత్రం. ఒకే గొంతు రెండు వైపుల నుంచి వస్తుంటే ఏ మాట ఎవరిదో తెలియడం లేదు. పొయ్యి మీద పాలు పొంగి, మంట మీద పడి, సుయ్‌మని దాన్ని ఆర్పేశాయి. ఆ సంగతి చెప్పాల్సిన ఇద్దరూ పోట్లాటలో ఉన్నారు. వాసన కొట్టకుండా ప్రశాంతే వెళ్లి గ్యాసు కట్టేశాడు.

"అమ్మా, 'సరే' అను. అంతే, ఆగిపోతాది" అని తల్లి చెవిలో గొణిగాడు.

"నా ఇంట్లో నేను ఆ మాట అనేదా? దాన్ని అనమను!"

"దానికి ఆ మాట నేర్పల్యా మ్మా."

"నాకు మాత్రం ఎవురు నేర్పినారు?"

పోట్లాట మళ్లీ అందుకుంది. ముద్ద దగ్గర మొదలై, మరకల మీదుగా, ఎవరి పెళ్లిలో ఎవరు ముందు కూర్చోవాలనేదాకా వెళ్లింది. సుంకులమ్మ గొంతు బొంగురుపోయింది. పెట్టె గొంతు మాత్రం శెనక్కాయలు ఒలిచిన సాయంత్రాల్లో ఉన్నంత హాయిగా ఉంది. అత్త మొహం మీద చెమట పట్టడం చూసి, నేత్రావతి కట్టె పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"సరే అత్తా" అంది.

పెట్టె ఆగిపోయింది.

సుంకులమ్మ కూడా ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆమె స్టూలు లాక్కుని కూలబడి, కోడలి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఇన్నేండ్లూ నన్ను గూడా ఇట్లే ఆపుతాంటివా నేత్రా?"

నేత్రావతి పెదవి కొరుక్కుంది. ఆపుకోవాలని చూసింది గానీ నవ్వు తన్నుకొచ్చేసింది. సుంకులమ్మ ముందు మూతి ముడిచింది. తర్వాత ఆమె పొట్ట కదిలింది, ఆ తర్వాత భుజాలు కదిలాయి. అత్తా కోడళ్లు ఒకరి మీద ఒకరు పడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. అమ్మయ్య, గండం గడిచిందని ప్రశాంత్ కూడా గొంతు కలిపాడు. వాళ్లిద్దరూ ఠక్కున నవ్వు ఆపి అతని వైపు తిరిగారు.

"నా గొంతు ఎవుర్ని అడిగి దాంట్లో పెట్టినావు రా?" అంది తల్లి.

"అమ్మా, ఇది బజారు డబ్బాల మాదిరి కాదు. మాట ఒక్కటి గూడా గడప దాటదు..."

"గడప సంగతి నేను అడగల్యా. టీవీ మనల్ని చూస్తాదని దాని పేగులు పీకితివి. నీ ఫోను ఎవురన్నా ముట్టుకుంటే ఎగిరి పడతావు. మనవళ్లకు కతలని చెప్పి నా నోరు తీసి పెట్టెలో పెట్టినావే, నాకు చెప్పాల్సిన పని ల్యాదా?"

"నన్ను అడిగినావా?" అంది నేత్రావతి. "నేను కాఫీ తాగేది, పాట పాడేది, అన్నీ ఇది వింటాంది. దొంగ బయటోడైతేనే దొంగా?"

ప్రశాంత్ ఈ విషయం మీద ఇంటర్నెట్టులో దేశదేశాల వాళ్లతో వాదించాడు. గెలిచాడు కూడా. వాళ్లెవరూ ఈ ప్రశ్న వేయలేదు. జవాబు కోసం పెట్టె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. చివరికి తల దించుకున్నాడు.

"తప్పయినాది మ్మా. తప్పయినాది నేత్రా. ఇప్పుడే చెరిపేస్తా."

"చెరిపి, ఆ వార్తలు చదివే మేడం గొంతు పెడతావా?" అని అడిగింది సుంకులమ్మ.

"వద్దత్తా. ఈయప్ప గొంతే పెట్టమను" అంది నేత్రావతి మొగుణ్ని చూపిస్తూ. "'ట్యాంకు నిండినాది, నేనే పోయి మోటారు ఆపుతాండా' అని చెప్పాల. చెప్పి, పోయి ఆపాల."

ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ప్రశాంత్ కీబోర్డు ముందు కూర్చుని టపటపా కొట్టసాగాడు. అంత కష్టపడి పోగేసిన గొంతు ఒక్కో ముక్కా పోతుంటే ప్రతి ముక్కకూ ఒకసారి వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. అయినా ఆపలేదు. నేత్రావతి మళ్లీ పాలు పెట్టింది. సుంకులమ్మ ఉలవల సంచి విప్పుతూ అడిగింది.

"ఇంక యాడా ల్యాదు గదా? ఎవురికీ ఇయ్యలేదు గదా?"

"ఎవురికిస్తా మ్మా? ఇల్లు దాటనే లేదు" అన్నాడు.

సరిగ్గా అప్పుడు, పొలాల మీదుగా, సోలార్ పార్కు మైకుల్లోంచి గరగరమని చప్పుడొచ్చింది. సాయంత్రం ప్యానెళ్లు కడిగేవాళ్లు లోపలికెళ్లే వేళ. రోజూ అప్పుడు పుస్తకాల భాషలో ఒక హెచ్చరిక వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు ఊరు ఊరంతా తలెత్తి వినేలా మోగింది.

"ఎవురప్పా ఆడ, ప్యానెళ్ల కిందికి గొర్రెల్ని తోలింది? తోలుకొని బయటికి పో! మీ ఇంట్లో ఇట్లనే చేస్తావా?"

ప్రశాంత్ వేళ్లు కీబోర్డు మీదే గడ్డకట్టాయి. కంట్రోల్ రూంలో పక్క కుర్చీ సునీల్‌కుమార్ గుర్తొచ్చాడు. మా హెచ్చరికలు ఎవురూ వినడం లేదని అతను వాపోతే, గొంతంటే ఎట్లుండాలో చూపిస్తానని తాను గొప్పకు పోయి ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టిన సంగతీ గుర్తొచ్చింది.

"బాగానే చెప్పినా గదా" అంది సుంకులమ్మ, కోపం మరిచిపోయి. దూరంగా గొర్రెలు నిజంగానే బయటికి పరుగెడుతున్నాయి.

ప్రశాంత్‌కు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పెన్‌డ్రైవులో వేసింది తయారైన గొంతు ఒక్కటే కాదు. తల్లి మైకు ముందు మాట్లాడిందంతా, ఒక్క ముక్క కత్తిరించకుండా, దాంట్లోనే ఉంది.

మైకుల్లో టక్కుమని శబ్దమైంది. ఆ వెంటే శెనక్కాయలు ఒలుస్తున్న చిటపటలు ఊరంతా వినిపించాయి. ఆ చిటపటల మధ్య, గొంతు తగ్గించి, రహస్యం చెప్పేటప్పటి సుంకులమ్మ.

"రేయ్ ప్రశాంతూ, ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాల. మన ఓబక్క మొగుడు బోరయ్య ఉండాడు చూడు..."

సుంకులమ్మ చేతిలోని సంచి జారి ఉలవలన్నీ వంటింటి నిండా పరుచుకున్నాయి. వెనక గోడ మీదుగా ఓబక్క తల మెల్లగా పైకి లేచింది.